ఫ్రీబీఎస్‌డీ మీద పైథాన్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు కాలేజీ ల్యాబుల్లో విండోస్ మీదో ఉబుంటు మీదో పైథాన్ నేర్చుకున్నవాళ్లు ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ముందు కూర్చోగానే అడిగే సందేహాలు దాదాపు ఇవే. బిల్డ్ అంటే సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం. ఇక్కడి జవాబులన్నీ పైథాన్ 3.13, 64 బిట్ ఫ్రీబీఎస్‌డీ 14 అనుకుని రాసినవి. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికే తీరులోనే ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. చిహ్నాలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉండాలి.

## మొదలుపెట్టే ముందు

పీకేజీతో (ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీలు వేసే కమాండ్) ఒక్క నిమిషంలో పైథాన్ వచ్చేస్తుంది కదా, సోర్స్ నుంచి ఎందుకు ఈ తిప్పలు?

రోజువారీ ప్రోగ్రాములు రాసుకోవడానికే అయితే తిప్పలు అక్కర్లేదు. "పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్3" చాలు. సోర్స్ నుంచి బిల్డ్ చేయాల్సిన సందర్భాలు కొన్నే. ప్యాకేజీల్లోకి ఇంకా రాని వెర్షన్ కావాలి, డీబగ్ బిల్డ్ కావాలి, పైథాన్ లోపలి సీ కోడ్‌ను మార్చి చూడాలి, లేదా ఒకే మెషీన్‌లో నాలుగు వెర్షన్లు పక్కపక్కన ఉండాలి. ప్రాజెక్టు రిపోర్టులో "సోర్స్ నుంచి బిల్డ్ చేశాం" అని రాసుకోవడానికి మాత్రమే అయితే ఆ సమయం వేరే పనికి పెట్టండి.

విండోస్‌లో ఉన్న పైథాన్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కాపీ చేస్తే పని జరగదా?

జరగదు. విండోస్ ఎక్జిక్యూటబుల్ ఫార్మాట్ వేరు, ఫ్రీబీఎస్‌డీ చదివే ఈఎల్ఎఫ్ ఫార్మాట్ వేరు. లినక్స్ పైథాన్ కూడా ఈఎల్ఎఫ్‌లోనే ఉంటుంది గానీ అది జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ మీద ఆధారపడి ఉంటుంది, ఫ్రీబీఎస్‌డీకి తన సొంత సీ లైబ్రరీ ఉంది. ఫ్రీబీఎస్‌డీలోని లినక్స్ కంపాటిబిలిటీ పొరను ఆన్ చేసి లినక్స్ పైథాన్‌ను నడపొచ్చు. అయితే అది తాను లినక్స్ మీదే ఉన్నాననుకుంటుంది, మీకు కావాల్సింది అది కాదు.

పైథాన్ బిల్డ్ చేయడానికి ముందే పైథాన్ ఉండాలా?

అక్కర్లేదు, సీ కంపైలర్ ఒక్కటి చాలు. సీపైథాన్ సీ భాషలో రాసిన ఇంటర్‌ప్రెటర్. విడుదల చేసిన సోర్స్ ఆర్కైవ్‌లో ముందుగా జనరేట్ చేయాల్సిన ఫైళ్లు కూడా ఉంటాయి. గో, రస్ట్‌ల సంగతి వేరు. గో 1.5 నుంచి దాని కంపైలర్ గోలోనే ఉంది, రస్ట్ కంపైలర్ రస్ట్‌లోనే ఉంది, కాబట్టి వాటికి పాత కంపైలర్ బైనరీ ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద మొదటిసారి బిల్డ్ నేర్చుకునేవాళ్లకు పైథాన్ సులువుగా ఉండేది ఇందుకే. గ్రామర్ ఫైళ్ల లాంటివి మార్చి "మేక్ రీజెన్-ఆల్" నడపాలంటే మాత్రం మెషీన్‌లో ఒక పైథాన్ 3 ముందే ఉండాలి.

ఫ్రీబీఎస్‌డీకి పైథాన్ వాళ్ల సపోర్ట్ ఉన్నట్టా లేనట్టా?

ఉంది, మూడో శ్రేణిలో. ఏ ప్లాట్‌ఫారమ్‌కు ఎంత సపోర్టో చెప్పే పైథాన్ పత్రం పెప్ 11 ప్రకారం 64 బిట్ ఇంటెల్ లినక్స్, విండోస్ మొదటి శ్రేణి. క్లాంగ్ అనే సీ కంపైలర్‌తో బిల్డ్ చేసే 64 బిట్ ఇంటెల్ ఫ్రీబీఎస్‌డీ మూడో శ్రేణి. మూడో శ్రేణి ప్లాట్‌ఫారమ్‌లో బిల్డ్ తప్పినా విడుదల ఆపరు. అందుకే కొత్త వెర్షన్ వచ్చిన మొదటి రోజునే ల్యాబంతా దానికి మార్చకండి.

ల్యాబ్‌లో 4 జీబీ ర్యామ్ పాత సిస్టమ్‌లే ఉన్నాయి సార్, సరిపోతాయా?

మామూలు బిల్డ్‌కు సరిపోతాయి. వర్చువల్ మెషీన్‌లో అయితే 2 జీబీ ర్యామ్, 2 కోర్లు ఇవ్వండి. డిస్క్‌లో సోర్స్‌కు, బిల్డ్‌కు, ఇన్‌స్టాల్‌కు కలిపి 2 జీబీ ఖాళీ ఉంచుకోండి. ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్టు ఇచ్చే రెడీమేడ్ వర్చువల్ మెషీన్ ఇమేజ్ వాడితే లోపల ఖాళీ తక్కువగా ఉంటుంది. మొదటిసారి బూట్ చేసేముందే డిస్క్ సైజు పెంచి, తర్వాత "డీఎఫ్ -హెచ్" కొట్టి చూసుకోండి. సగం బిల్డ్‌లో డిస్క్ నిండితే వచ్చే ఎర్రర్లు కంపైలర్ తప్పుల్లా కనిపించి గంటలు తింటాయి.

డ్యూయల్ బూట్ పెట్టాక టైమ్ ఐదున్నర గంటలు తేడా చూపిస్తోంది. బిల్డ్‌కు దానితో ఏం పని?

చాలా పనుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారాన్ని మన టైమ్‌లో ఉంచుతుంది, ఫ్రీబీఎస్‌డీ దాన్ని యూటీసీ అనుకుంటుంది. ఐదున్నర గంటల తేడా అక్కడిదే. మేక్ అనే ప్రోగ్రామ్ ఏ ఫైల్ కొత్తది, ఏది పాతది అన్నది టైమ్ చూసే తేలుస్తుంది. టైమ్ ముందుకూ వెనక్కీ పోతే కంపైల్ అయిన ఫైళ్లను మళ్లీ కంపైల్ చేస్తుంది, లేదా చేయాల్సినదాన్ని వదిలేస్తుంది. "/ఈటీసీ/వాల్_సీమాస్_క్లాక్" పేరుతో ఖాళీ ఫైల్ సృష్టిస్తే ఫ్రీబీఎస్‌డీ గడియారాన్ని లోకల్ టైమ్‌గా తీసుకుంటుంది. తర్వాత రూట్‌గా "ఎన్‌టీపీడీ -జీక్యూ" కొట్టి టైమ్ సరిచేయండి. పాత మెషీన్లలో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. అప్పుడు డౌన్‌లోడే మొదలవదు, ఎదుటి సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని ఎర్రర్ వస్తుంది.

## సోర్స్, సామాన్లు తెచ్చుకోవడం

మొబైల్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోంది, మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. "ఫెచ్ -ఆర్" తర్వాత అదే లింక్ ఇస్తే ఆగినచోటి నుంచి అందుకుంటుంది. ఎక్స్‌జెడ్ ఆర్కైవ్ తీసుకుంటే 20 ఎంబీ పైచిలుకే, జీజిప్ ఆర్కైవ్ అంతకంటే పెద్దది. దిగాక చెక్‌సమ్ తీసి విడుదల పేజీలో ఉన్న విలువతో పోల్చండి. విప్పడానికి "టార్ ఎక్స్ఎఫ్" చాలు, ఏ రకం కంప్రెషనో ఫ్రీబీఎస్‌డీ టార్ తానే పసిగడుతుంది.

పెన్‌డ్రైవ్‌లోనే విప్పి అక్కడే బిల్డ్ చేయొచ్చా?

వద్దు. ఆర్కైవ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెండి, విప్పేది మాత్రం హార్డ్ డిస్క్ మీద. పెన్‌డ్రైవ్‌లో ఎక్కువగా ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఎక్జిక్యూట్ పర్మిషన్లను, సింబాలిక్ లింకులను దాచుకోలేదు. పైగా అది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటేనని చూస్తుంది. సోర్స్‌లో పెద్ద పీతో "పైథాన్" అనే ఫోల్డర్ ఉంటుంది, బిల్డ్‌లో పుట్టే ప్రోగ్రామ్ చిన్న పీతో "పైథాన్". రెండూ ఒకేచోట ఇమడవు కనుక బిల్డ్‌కు ముందు సిస్టమ్‌ను పరిశీలించే కాన్ఫిగర్ స్క్రిప్టు ఆ తేడా కనిపెట్టి ప్రోగ్రామ్ పేరు చివర ".ఈఎక్స్ఈ" తగిలిస్తుంది. మాక్ మీద, విండోస్ డ్రైవ్ మీద డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం) బిల్డ్ చేసినప్పుడు "పైథాన్.ఈఎక్స్ఈ" కనిపించేది అందుకే, అది విండోస్ ప్రోగ్రామ్ కాదు.

ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చా?

బిల్డ్ ఫోల్డర్‌కు పెట్టకండి. తెలుగు అక్షరాల కంటే కూడా పేరులోని ఖాళీలే ఎక్కువ దెబ్బ కొడతాయి, మేక్‌ఫైల్ వాటిని రెండు వేర్వేరు పేర్లుగా చదువుతుంది. బిల్డ్ అయ్యాక మీ ప్రోగ్రాములు తెలుగు పేర్ల ఫోల్డర్లలో నిక్షేపంగా నడుస్తాయి.

ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్, పేరు చివర "-డెవ్" ఉండే ప్యాకేజీలు వేసేవాళ్లం. ఇక్కడ అవేవీ దొరకడం లేదే?

ఇక్కడ ఆ పద్ధతే లేదు. సీ కంపైలర్ క్లాంగ్ "సీసీ" పేరుతో బేస్ సిస్టమ్‌లోనే, అంటే ఫ్రీబీఎస్‌డీతో పాటే వస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్, బీజిప్2, ఎక్స్‌జెడ్, ఎన్‌కర్సెస్ లైబ్రరీలు హెడర్లతో (లైబ్రరీని వాడేందుకు కంపైలర్ చదివే ఫైళ్లు) సహా బేస్‌లోనే ఉన్నాయి. ప్యాకేజీగా వేసేవాటిలోనూ హెడర్లు అందులోనే ఉంటాయి, విడిగా డెవ్ ప్యాకేజీ ఉండదు. అదనంగా కావాల్సినవి ఇవి: పీకేజీకాన్ఫ్, లిబ్ఎఫ్ఎఫ్ఐ, ఎస్‌క్యూలైట్3, రీడ్‌లైన్, గెట్‌టెక్స్ట్-రన్‌టైమ్. గ్రాఫిక్ విండోల కోసం టీకింటర్ కావాలంటే టీకే86 కూడా. వీటిలో పీకేజీకాన్ఫ్‌ను చాలామంది వదిలేస్తారు. 3.12 నుంచి పాత సెటప్.పీవై పోయింది, లైబ్రరీలను వెతికే పని మొత్తం కాన్ఫిగర్‌దే. అది పీకేజీకాన్ఫ్‌ను అడిగే చాలావాటి చిరునామా తెలుసుకుంటుంది.

సూడో కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది.

సూడో బేస్‌లో ఉండదు. మీ యూజర్ వీల్ గ్రూపులో (రూట్‌గా మారే అనుమతి ఉన్న గ్రూపు) ఉంటే "ఎస్‌యూ -" కొట్టి రూట్ పాస్‌వర్డ్ ఇవ్వండి. లేదంటే రూట్‌గా సూడోనో డూఆజ్‌నో ప్యాకేజీగా వేసుకోండి. ప్యాకేజీలు వేయడానికి, సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేయడానికి మాత్రమే రూట్ కావాలి. కాన్ఫిగర్, మేక్, టెస్ట్ మూడూ మామూలు యూజర్‌గానే.

కాలేజీ ప్రాక్సీ వెనకాల పీకేజీ కదలడమే లేదు.

ఫెచ్ కమాండ్‌కు "హెచ్‌టీటీపీ_ప్రాక్సీ" వేరియబుల్‌లో ప్రాక్సీ చిరునామా, పోర్టు ఇవ్వాలి. పీకేజీకి ఆ విలువను దాని కాన్ఫిగరేషన్ ఫైల్ "పీకేజీ.కాన్ఫ్"లో పీకేజీ_ఈఎన్‌వీ భాగంలో రాస్తే ప్రతిసారీ కొట్టే పని ఉండదు. ప్రాక్సీ తన సొంత సర్టిఫికెట్‌తో అన్నిటినీ తెరిచి చూసే రకమైతే ల్యాబ్ అడ్మిన్ దగ్గర ఆ సర్టిఫికెట్ తీసుకుని సిస్టమ్‌కు చేర్చాలి. వెరిఫికేషన్ ఆపేయడం దారి కాదు.

## కాన్ఫిగర్ దశ

కాన్ఫిగర్ కమాండ్ పూర్తిగా ఎట్ల కొట్టాల?

సోర్స్ ఫోల్డర్ లోపల "బిల్డ్" అని ఇంకో ఫోల్డర్ చేసి, అందులోకి వెళ్లి ఇలా:

../కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/పై313 సీపీపీఫ్లాగ్స్=-ఐ/యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్ ఎల్‌డీఫ్లాగ్స్=-ఎల్/యూఎస్ఆర్/లోకల్/లిబ్

సీపీపీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ పేర్లు, వాటిలోని "-ఐ", "-ఎల్" పెద్ద అక్షరాల్లో. మిగతావన్నీ చిన్నవి. ఈ రెండూ ఎందుకంటే, ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీలన్నీ "/యూఎస్ఆర్/లోకల్" కిందికి వెళ్తాయి, కంపైలర్ మాత్రం చెప్పకపోతే అక్కడ వెతకదు. లినక్స్ నుంచి వచ్చినవాళ్లు తడబడే మొదటి చోటు ఇదే. ప్యాకేజీ వేసి ఉంటుంది, ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, కాన్ఫిగర్ మాత్రం లేదంటుంది. విడి ఫోల్డర్‌లో బిల్డ్ చేస్తే తేడా వచ్చినప్పుడు ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, సోర్స్ మురికి కాదు.

ప్రిఫిక్స్ (పైథాన్ ఇన్‌స్టాల్ కావాల్సిన ఫోల్డర్) ఇవ్వకపోతే ఏమవుతుంది?

"/యూఎస్ఆర్/లోకల్"లోకి పోతుంది. లినక్స్‌లో అది మీ సొంత సామాన్ల చోటు కాబట్టి ఇబ్బంది రాదు. ఫ్రీబీఎస్‌డీలో అది పీకేజీ ఇల్లు. అదే వెర్షన్ పైథాన్ ప్యాకేజీ ఉంటే దాని ఫైళ్ల మీద మీవి రాసేస్తారు. రేపు పీకేజీ అప్‌గ్రేడ్ వచ్చి మీవాటి మీద మళ్లీ తనవి రాస్తుంది. చివరికి ఏ ఫైల్ ఎవరిదో ఎవరికీ తెలియదు, పైథాన్ మీద ఆధారపడిన మిగతా ప్యాకేజీలు కూడా పాడవుతాయి. ఆప్ట్ కిందో, మీ హోమ్ ఫోల్డర్ కిందో విడిగా పెట్టండి.

"ఎక్స్‌పోర్ట్: కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తోంది, బాష్ పాడైందా?

మీరు బాష్‌లో లేరు, సీ షెల్‌లో ఉన్నారు. ఫ్రీబీఎస్‌డీ 14కు ముందు రూట్‌కు సీ షెల్లే ఇచ్చేవారు, 14 నుంచి ఎస్‌హెచ్. సీ షెల్‌లో "సెట్ఈఎన్‌వీ పేరు విలువ" అని రాయాలి. వేరియబుళ్లను కాన్ఫిగర్ కమాండ్ చివరే రాస్తే ఏ షెల్ అయినా ఒకటే. బాష్ ఇక్కడ ప్యాకేజీగా వస్తుంది, అదీ "/యూఎస్ఆర్/లోకల్/బిన్"లో ఉంటుంది. మొదటి లైన్‌లో "/బిన్/బాష్" అని రాసిన మీ పాత స్క్రిప్టులు ఆగిపోయేది ఇందుకే. ఆ లైన్‌లో "/యూఎస్ఆర్/బిన్/ఈఎన్‌వీ బాష్" పెట్టుకోండి.

ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ పెట్టాలా వద్దా?

మొదటి బిల్డ్‌కు వద్దు. "--ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్" పెడితే పైథాన్ ఒకసారి కొలత పరికరాలతో బిల్డ్ అయి, టెస్టుల్లో కొన్నిటిని నడిపి, ఏ కోడ్ ఎక్కువగా నడుస్తుందో చూసి, మళ్లీ మొదటి నుంచి బిల్డ్ అవుతుంది. నిమిషాల్లో అయ్యే పని అనేక రెట్లు పెరుగుతుంది. ఏదో లైబ్రరీ దొరకలేదని చివర్లో తెలిస్తే అదంతా వృథా. ముందు మామూలుగా బిల్డ్ చేసి, మాడ్యూళ్లన్నీ వచ్చాయని చూసుకుని, రోజూ వాడే పైథాన్ కోసం అప్పుడు దీన్ని పెట్టండి. క్లాంగ్‌తో దీనికి "ఎల్ఎల్‌వీఎం-ప్రొఫ్‌డేటా" కావాలి, "--విత్-ఎల్‌టీఓ"కు (లింక్ చేసే సమయంలో జరిగే ఆప్టిమైజేషన్) "ఎల్ఎల్‌వీఎం-ఏఆర్" కావాలి. లేవంటే ఎల్ఎల్‌వీఎం ప్యాకేజీ వేయండి. దాని వెర్షన్ "సీసీ --వెర్షన్" చూపించే క్లాంగ్ వెర్షన్‌తో కలవాలి, లేకపోతే ప్రొఫైల్ ఫైల్ ఫార్మాట్ చదవలేక ఆగిపోతుంది. 4 జీబీ మెషీన్‌లో ఎల్‌టీఓ జోలికి పోకండి.

ఎనేబుల్-షేర్డ్ అంటే ఏంది? పెట్టకపోతే నష్టమా?

పైథాన్‌ను వేరే సీ ప్రోగ్రామ్‌లో పొదగాలంటే కావాలి, లేకపోతే అక్కర్లేదు. పెట్టినవాళ్లకు ఇన్‌స్టాల్ అయ్యాక "లిబ్‌పైథాన్3.13.ఎస్ఓ.1.0 నాట్ ఫౌండ్" అని వస్తుంది. మీ ప్రిఫిక్స్‌లోని లిబ్ ఫోల్డర్ సిస్టమ్ వెతికే జాబితాలో లేకపోవడమే కారణం. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఎల్‌డీఫ్లాగ్స్‌లో "-డబ్ల్యుఎల్,-ఆర్‌పాత్,/ఆప్ట్/పై313/లిబ్" చేర్చితే శాశ్వతంగా తీరుతుంది. ఇక్కడ "-డబ్ల్యుఎల్"లో డబ్ల్యు పెద్దది, ఎల్ చిన్నది.

## మేక్ దశ

మేక్ -జె తర్వాత ఎంత నంబర్ పెట్టాలి?

"సిస్‌సీటీఎల్ -ఎన్ హెచ్‌డబ్ల్యు.ఎన్‌సీపీయూ" ఎన్ని కోర్లో చెబుతుంది, అంత పెట్టండి. 2 జీబీ ర్యామ్ అయితే 2 దాటొద్దు. మే నెలలో తిరుపతిలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద అన్ని కోర్లూ వాడితే వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అక్కడ 4 కంటే 2తోనే ముందు అయినా ఆశ్చర్యం లేదు.

జీమేక్ తప్పనిసరా?

పైథాన్‌కు కాదు, బేస్‌లో ఉన్న బీఎస్‌డీ మేక్‌తోనే అవుతుంది. లినక్స్ కోసమే రాసిన ఇతర ప్రాజెక్టుల మేక్‌ఫైళ్లు మాత్రం బీఎస్‌డీ మేక్‌కు అర్థం కావు, వాటికి జీమేక్ ప్యాకేజీ వేసుకోండి.

మధ్యలో "కిల్డ్" అని ఆగిపోయింది, కోడ్‌లో ఎర్రర్ ఏమీ లేదే?

మెమరీ చాలలేదు. "డీమెసేజ్" కమాండ్ చివరి లైన్లలో కంపైలర్ ప్రాసెస్ పేరు పక్కన మెమరీ దొరకక చంపినట్టు ఉంటుంది. "మేక్ -జె1" అని మళ్లీ కొట్టండి, అయినంతవరకు వదిలేసి మిగిలింది చేస్తుంది.

కరెంటు పోయింది. మొత్తం మళ్లీ చేయాలా?

చాలాసార్లు అక్కర్లేదు, మేక్ మళ్లీ కొడితే చాలు. చిక్కల్లా కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్లతోనే. అవి డిస్క్ మీద పేరుకు ఉంటాయి, లోపల ఖాళీ. మేక్ వాటి తేదీ చూసి అయిపోయాయనుకుంటుంది, చివర లింక్ చేసేటప్పుడు అర్థం కాని ఎర్రర్ వస్తుంది. బిల్డ్ ఫోల్డర్‌లో "ఫైండ్ . -నేమ్ '*.ఓ' -సైజ్ 0 -డిలీట్" కొట్టి తర్వాత మేక్ నడపండి. అప్పటికీ వింత ఎర్రర్లు వస్తుంటే బిల్డ్ ఫోల్డర్ తీసేసి కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టండి. మామూలు బిల్డ్ ఎంతోసేపు పట్టదు కాబట్టి వెతుక్కుంటూ కూర్చోవడం కంటే అదే మేలు.

మేక్ ఎర్రర్ లేకుండా అయిపోయింది. ఇక ఇన్‌స్టాల్ చేసేయొచ్చా అన్నా?

ఆగండి. చివరి 20 లైన్లు చదవండి. పైథాన్ బిల్డ్ దాదాపు ఎప్పుడూ "విజయవంతంగానే" ముగుస్తుంది. ఎస్ఎస్ఎల్ లేకపోయినా, ఎస్‌క్యూలైట్ లేకపోయినా ఎర్రర్ ఇవ్వదు. ఐచ్ఛిక మాడ్యూల్ కదా అని పక్కన పెట్టి పోతుంది. ఉప్పు లేని కూర కూడా ఉడుకుతుంది, తినేటప్పుడే తెలుస్తుంది. చివర్లో "చెక్డ్" అని మొదలై ఎన్ని మాడ్యూళ్లు చూసిందో చెప్పే లైన్ ఒకటి వస్తుంది. అందులో "మిస్సింగ్" పక్కన, "ఫెయిల్డ్ ఆన్ ఇంపోర్ట్" పక్కన ఎంతుందో చూడాలి. "ఎన్/ఏ" అన్నవి ఈ ప్లాట్‌ఫారమ్‌కు వర్తించనివి, వాటిని వదిలేయండి. మిస్సింగ్‌లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే ఆ లైన్‌కు పైన పేర్లు ఉంటాయి.

_ఎస్ఎస్ఎల్, _హాష్‌లిబ్ అంటే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ దొరకలేదు. _సీటైప్స్ అంటే లిబ్ఎఫ్ఎఫ్ఐ. _ఎస్‌క్యూలైట్3 పేరులోనే ఉంది. రీడ్‌లైన్ లేకపోతే ఇంటరాక్టివ్‌లో హిస్టరీ, ట్యాబ్ కంప్లీషన్ సరిగా ఉండకపోవచ్చు. _టీకింటర్ అంటే గ్రాఫిక్ విండోలు రావు, ల్యాబ్ సర్వర్‌లో అది లేకపోయినా ఫరవాలేదు. మిస్సింగ్ వేరు, ఫెయిల్డ్ ఆన్ ఇంపోర్ట్ వేరు. మొదటిది హెడరో లైబ్రరీయో కాన్ఫిగర్‌కు కనబడలేదని, రెండోది బిల్డ్ అయ్యాక లోడ్ కావడం లేదని. రెండోదానికి సాధారణంగా హెడర్ ఒక వెర్షన్‌ది, లైబ్రరీ ఇంకో వెర్షన్‌ది కావడమే కారణం.

ప్యాకేజీ వేసి మళ్లీ మేక్ కొట్టాను, ఇంకా మిస్సింగ్ అనే వస్తోంది.

మేక్ కొడితే చాలదు, కాన్ఫిగర్ మళ్లీ నడపాలి. ఏది ఉంది, ఏది లేదు అన్నది కాన్ఫిగర్ ఒక్కసారే చూసి రాసిపెట్టుకుంటుంది. అప్పటికీ రాకపోతే బిల్డ్ ఫోల్డర్‌లోని "కాన్ఫిగ్.లాగ్" తెరిచి ఆ లైబ్రరీ పేరు వెతకండి. కాన్ఫిగర్ ఏ చిన్న ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి చూసింది, కంపైలర్ ఏం జవాబిచ్చింది అన్నది మొత్తం అందులో ఉంటుంది. సాయం అడిగేటప్పుడు కూడా స్క్రీన్‌షాట్ కాదు, ఆ లాగ్‌లోని ఆ భాగం పంపండి.

ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ బిల్డ్ అయింది గానీ "ఫెయిల్డ్ ఆన్ ఇంపోర్ట్" అంటోంది.

మెషీన్‌లో రెండు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లు ఉన్నాయేమో చూడండి. బేస్‌లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది, వేరే ప్యాకేజీ ఏదో లాక్కొచ్చిన ఇంకొకటి "/యూఎస్ఆర్/లోకల్" కింద ఉండొచ్చు. సీపీపీఫ్లాగ్స్ వల్ల హెడర్లు ప్యాకేజీవి, లింక్ అయింది బేస్‌ది అయితే ఇలాగే అవుతుంది. కాన్ఫిగర్‌కు "--విత్-ఓపెన్ఎస్ఎస్ఎల్=" అని ఒకదాని చిరునామా ఇవ్వండి. అప్పటికీ హెడర్లు కలుస్తుంటే, ఇంకెవరికీ అవసరం లేనప్పుడు ప్యాకేజీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను తీసేయడమే తేలిక. పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 కంటే పాతది పనికిరాదు.

## టెస్ట్, ఇన్‌స్టాల్

టెస్టులన్నీ నడపాలా? చాలాసేపు పడుతోంది.

అన్నీ అక్కర్లేదు. బిల్డ్ ఫోల్డర్‌లో "./పైథాన్ -ఎం టెస్ట్ టెస్ట్_ఎస్ఎస్ఎల్ టెస్ట్_సీటైప్స్ టెస్ట్_ఎస్‌క్యూలైట్3" ఇలా మీకు కావాల్సినవి పేర్లతో నడపండి. రూట్‌గా నడపొద్దు, పర్మిషన్ లేనప్పుడు ఎర్రర్ వస్తుందా అని చూసే టెస్టులు రూట్‌కు అన్ని పర్మిషన్లూ ఉండటంతో తప్పుతాయి.

తెలుగు సరిగా వస్తోందో లేదో ఎట్ల చూసేది?

పైథాన్‌లో "తిరుపతి" అన్న మాటకు లెన్ అడగండి, 7 రావాలి. అక్షరాలు నాలుగే అయినా గుణింతపు గుర్తులు విడి కోడ్ పాయింట్లు కాబట్టి అది సరైన జవాబే. యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి లెన్ అడిగితే 21, ఒక్కో కోడ్ పాయింట్‌కు 3 బైట్లు. "చిత్తూరు"కు 8, 24. ఈ అంకెలు వచ్చి తెరమీద మాత్రం డబ్బాలు కనిపిస్తే పైథాన్ తప్పు లేదు. ఫ్రీబీఎస్‌డీ గ్రాఫిక్ లేని కన్సోల్‌లో తెలుగు చూడాలని ప్రయత్నించకండి, డెస్క్‌టాప్‌లో తెలుగు ఫాంట్ ఉన్న టెర్మినల్‌లో చూడండి, లేదా వేరే మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో రండి.

మేక్ ఇన్‌స్టాల్‌కు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్‌కు తేడా ఏమిటి?

ఆల్ట్‌ఇన్‌స్టాల్ "పైథాన్3.13", "పిప్3.13" పేర్లతో మాత్రమే పెడుతుంది. ఇన్‌స్టాల్ అయితే "పైథాన్3" అనే పేరును కూడా ఆక్రమిస్తుంది. ఒకటికి మించి వెర్షన్లుంటే ఆల్ట్‌ఇన్‌స్టాలే. పిప్ సోర్స్‌తో పాటే వస్తుంది కాబట్టి ఈ దశకు ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఒక మెషీన్‌లో బిల్డ్ చేసి ల్యాబ్‌లో మిగతా అన్నిటికీ కాపీ చేయొచ్చా?

చేయొచ్చు, ల్యాబ్‌కు మంచి పద్ధతి అదే. అన్నిట్లో ఒకే ఫ్రీబీఎస్‌డీ వెర్షన్, ఒకే ప్రాసెసర్ రకం ఉండాలి. బిల్డ్‌లో వాడిన లిబ్ఎఫ్ఎఫ్ఐ, ఎస్‌క్యూలైట్3 లాంటి ప్యాకేజీలు అన్నిట్లోనూ వేసి ఉండాలి. ఫోల్డర్ దారి మారకూడదు, ఎందుకంటే పిప్ లాంటి స్క్రిప్టుల మొదటి లైన్‌లో పాత దారి రాసి ఉంటుంది. ఆ మెషీన్ ప్రాసెసర్‌కే సరిపోయేలా "-మార్చ్=నేటివ్" పెట్టి బిల్డ్ చేసి ఉంటే పాత మెషీన్లలో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని పడిపోతుంది. డిస్క్ తక్కువైతే కాన్ఫిగర్‌లో "--డిసేబుల్-టెస్ట్-మాడ్యూల్స్" పెడితే టెస్టుల ఫైళ్లు ఇన్‌స్టాల్ కావు.

నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లోనే ఫ్రీబీఎస్‌డీ కోసం క్రాస్ కంపైల్ చేయకూడదా?

చేయొచ్చు గానీ సిఫారసు చేయం. ఫ్రీబీఎస్‌డీ హెడర్లు, లైబ్రరీలు ఉన్న ఫోల్డర్ విడిగా కావాలి. కాన్ఫిగర్‌కు "--హోస్ట్", "--బిల్డ్"తో పాటు "--విత్-బిల్డ్-పైథాన్" ఇవ్వాలి, అది ల్యాప్‌టాప్‌లో నడిచే అదే వెర్షన్ పైథాన్ కావాలి. కాన్ఫిగర్ నడిపి చూసి తెలుసుకునే కొన్ని సంగతులను మీరే చేత్తో రాసివ్వాలి. వర్చువల్ మెషీన్‌లో నేరుగా బిల్డ్ చేయడం ఇంతకంటే త్వరగా అవుతుంది.

## వాడకం మొదలయ్యాక

పిప్‌తో నంపై వేస్తే గంటలు కంపైల్ అవుతోంది, చివరికి ఎర్రర్. లినక్స్‌లో పది సెకన్లలో వచ్చేదే?

లినక్స్‌లో వచ్చింది ముందే బిల్డ్ చేసిన వీల్ ఫైల్. పిప్ తెచ్చుకునే ఆ వీల్స్ లినక్స్, విండోస్, మాక్‌లకు ఉంటాయి, ఫ్రీబీఎస్‌డీకి ఉండవు. అందుకే పిప్ సోర్స్ తెచ్చి ఇక్కడే కంపైల్ చేయబోతుంది. నంపైకి సీ, సీ++ కంపైలర్‌తో పాటు బ్లాస్ అనే గణిత లైబ్రరీ ఉంటే మంచిది, సైపైకి ఫోర్ట్రాన్ కంపైలర్ కూడా కావాలి, క్రిప్టోగ్రఫీ ప్యాకేజీకి రస్ట్ కావాలి. పూర్తిగా పైథాన్‌లోనే రాసిన ఫ్లాస్క్ లాంటివాటికి ఈ బాధ తక్కువ.

పీకేజీలో నంపై ఉంది గదా అంటారు. ఉంది, కానీ అది పీకేజీ పైథాన్ వెర్షన్ కోసం బిల్డ్ చేసినది, మీ 3.13లోకి రాదు. మీ పని ప్రధానంగా డేటా సైన్స్ అయితే పీకేజీ పైథాన్, పీకేజీ నంపై వాడుకోండి. సొంత బిల్డ్‌ను భాష లోపలి సంగతులు నేర్చుకోవడానికి ఉంచుకోండి.

లినక్స్‌లో నడిచిన నా సర్వర్ ప్రోగ్రామ్ ఇక్కడ "ఈపోల్ లేదు" అని పడిపోతోంది.

ఈపోల్ లినక్స్ కెర్నల్ సౌకర్యం. ఫ్రీబీఎస్‌డీలో ఆ పనిని కేక్యూ చేస్తుంది. "సెలెక్ట్" మాడ్యూల్‌ను నేరుగా వాడకుండా "సెలెక్టర్స్" మాడ్యూల్‌లోని డిఫాల్ట్‌సెలెక్టర్ వాడండి, ఎక్కడ ఏది ఉంటే అది తీసుకుంటుంది. ఎసింక్ఐఓ కూడా అదే చేస్తుంది. "/ప్రాక్" కింది ఫైళ్లు చదివే కోడ్ కూడా ఇక్కడ తప్పుతుంది, ఫ్రీబీఎస్‌డీ దాన్ని మామూలుగా మౌంట్ చేయదు. ప్లాట్‌ఫారమ్ తెలుసుకోవడానికి సిస్.ప్లాట్‌ఫారమ్ విలువ "ఫ్రీబీఎస్‌డీ"తో మొదలవుతుందా అని మాత్రమే చూడండి. 3.13 వరకు దాని చివర 14 లాంటి అంకె ఉంటుంది, 3.14లో ఆ అంకె తీసేశారు.

పిప్‌లో "సర్టిఫికేట్ వెరిఫై ఫెయిల్డ్" వస్తోంది.

ముందు సిస్టమ్ తేదీ చూడండి. అది సరిగా ఉంటే పైథాన్‌లో "ఎస్ఎస్ఎల్.గెట్_డిఫాల్ట్_వెరిఫై_పాత్స్" నడపండి, మీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్లను ఎక్కడ వెతుకుతోందో చెబుతుంది. ఆ చోట ఏమీ లేకపోతే బేస్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు రూట్‌గా "సర్ట్‌సీటీఎల్ రీహాష్" కొట్టండి.

నా బిల్డ్‌ను ఎట్ల తీసేసేది? మేక్ అన్‌ఇన్‌స్టాల్ లేదే?

లేదు. విడి ప్రిఫిక్స్‌లో పెట్టి ఉంటే ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే అయిపోయింది. "/యూఎస్ఆర్/లోకల్"లోకి వెళ్లిపోయి ఉంటే "పీకేజీ చెక్ -ఎస్" కొట్టి, పాడైన ప్యాకేజీలను "పీకేజీ ఇన్‌స్టాల్ -ఎఫ్"తో మళ్లీ వేయాలి. మీ బిల్డ్ వదిలిన మిగతా ఫైళ్లను "పైథాన్3.13" పేరు పట్టుకుని చేత్తో ఏరాలి.

ఫ్రీబీఎస్‌డీ 13 నుంచి 14కు అప్‌గ్రేడ్ చేశాక నా పైథాన్‌లో ఎస్ఎస్ఎల్ పోయింది.

13లో బేస్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1, దాని లైబ్రరీ ఫైల్ "లిబ్ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.111". 14లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3, ఫైల్ "లిబ్ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.30". అప్‌గ్రేడ్ చివర పాత లైబ్రరీలు తీసేశాక మీ బిల్డ్ వెతికే ఫైల్ ఇక ఉండదు. పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ ముందు ప్యాకేజీలన్నిటినీ "పీకేజీ అప్‌గ్రేడ్ -ఎఫ్"తో కొత్తగా తెచ్చుకుని, తర్వాత పైథాన్‌ను ఖాళీ బిల్డ్ ఫోల్డర్‌లో కాన్ఫిగర్ నుంచి మళ్లీ బిల్డ్ చేయండి. పిప్‌తో వేసినవాటిలో సీ కోడ్ ఉన్నవి కూడా మళ్లీ వేయాలి. అందుకని అప్‌గ్రేడ్‌కు ముందే "పిప్3.13 ఫ్రీజ్" జాబితాను, మీరు కొట్టిన కాన్ఫిగర్ లైన్‌ను ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. ఆ లైన్ మర్చిపోతే పాత "కాన్ఫిగ్.లాగ్" పైభాగంలో ఉంటుంది, బిల్డ్ ఫోల్డర్ ఇంకా ఉంటే.